పంపుహౌస్ గోడ మీది ఎర్ర గీత

మన ఇల్లు, ముందు గది
మార్చి 3, మంగళవారం

మావయ్యా,

ఈ రోజు పొద్దున్నే తలుపు తీస్తే నేను రాసిన వాక్యమే గుమ్మం ముందు పడుంది. సగం లోపలికి, సగం బయటికి. అమ్మమ్మ దాన్ని ఏదో చెత్త కాగితం అనుకుని చీపురుతో నెట్టేయబోతే పరిగెత్తుకెళ్లి పట్టుకున్నాను.

వార్డు ఆఫీసు వాళ్లు నెలకోసారి ఇంటింటికీ వేసే పనుల పత్రం ఇప్పుడు నేను రాస్తున్నానని ఫోనులో చెప్పాను కదా, నువ్వు "ఊఁ" అన్నావు. ఫోనులో నువ్వు మూడు మాటలకు మించి మాట్లాడవు. ఆ మూడిట్లో రెండు "వినపడట్లేదు" అనే ఉంటాయి. అందుకే ఉత్తరం. జవాబు కూడా ఉత్తరమే రాయాలి.

పని ఎలాగో చెబుతాను. సూపర్‌వైజరు ప్రతి నెలా ఒక లిస్టు ఇస్తాడు. ఫలానా వీధి రోడ్డు, ఫలానా వీధి దీపాలు, పక్కన మూడు మాటల్లో ఏదో ఒకటి: మొదలైంది, సాగుతోంది, పూర్తయింది. ఆఫీసులో ఏ పనికైనా ఈ మూడు మాటలే ఉంటాయట. నేను వాటిని వాక్యాలు చేయాలి. ఇదివరకు రాసినాయన "పనులు పురోగతిలో ఉన్నవి" అని ఏళ్ల తరబడి అదే రాశాడు. నేను "మూడో వీధి రోడ్డు సగం దాకా వచ్చింది, బడి గేటు దగ్గర ఆగింది" అని రాశాను. సూపర్‌వైజరు చదివి, ఇదేంటి మనిషి మాట్లాడినట్టుంది అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో తెలీలేదు. మెచ్చుకున్నాడనే అనుకుంటున్నాను.

మావయ్యా, ఒక మాట బదులు ఇంకో మాట పెడితే వాక్యం నిటారుగా నిలబడుతుందని నాకు ఈ మధ్యే తెలిసింది. కాలేజీకి నడిచేటప్పుడు కూడా మాటలు మార్చుకుంటూ పోతున్నాను. నిన్న ఒక సైకిలతను నన్ను తిట్టాడు. ఆ తిట్టు కూడా బాగుంది.

అసలు సంగతి చివరికి దాచుకున్నాను. మన సందుకి కాలువ మంజూరైంది. పత్రంలో చివరి వాక్యం అదే. నువ్వు ఈ ఇల్లు కట్టినప్పుడు మూడు మెట్లెక్కి లోపలికి వచ్చేవాళ్లం. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు కదా, ఇప్పుడు ఒక మెట్టు దిగి వస్తున్నాం. పోయినేడు వానకి ముందు గదిలో చీలమండల లోతు నీళ్లు. అమ్మ బైండింగుకి తెచ్చిన లైబ్రరీ పుస్తకాలు పదకొండు ఉబ్బిపోయాయి. ఇంకోసారి ఇలా అయితే పని వేరేవాళ్లకి ఇస్తానని లైబ్రరీ మేడమ్ మెత్తగానే చెప్పింది. అమ్మకి వచ్చే పనిలో ముప్పాతిక ఆవిడదే. వానల్లోపు కాలువ పడితే అమ్మ పని ఈ గదిలో నిలబడుతుంది. పడకపోతే, ఆ తర్వాతి వాక్యం నేను రాయను.

అమ్మమ్మ మోకాలు పరవాలేదు. సాయంత్రం గుమ్మంలో కూర్చుని, వచ్చేపోయేవాళ్లందరికీ నా పత్రం చూపిస్తోంది, తలకిందులుగా పట్టుకుని.

నీ మేనకోడలు


రేకుల షెడ్డు, కొండ రోడ్డు పని దగ్గర
మార్చి 19

పంతులమ్మకి,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. ఒకసారి విషయం కోసం. రెండోసారి, ఇంత కాగితంలో ఆ విషయం ఎక్కడ దొర్లిపోయిందా అని.

కాలువ పడుతోందంటే సంతోషం. నేను ఇన్నేళ్లుగా ఎత్తుపల్లాల లెవెళ్లు పట్టి బతుకుతున్నవాణ్ని కాబట్టి ఒకటి చెబుతాను, రాసి పెట్టుకో. పైన మూతలు వేయకముందే పై చివర రెండు డ్రమ్ముల నీళ్లు గుమ్మరించాలి. నీళ్లలో ఒక కాగితం ముక్క వేయాలి. మనిషి కింది చివర, పెద్ద కాలువలో కలిసే చోట నిలబడాలి. ఆ కాగితం ముక్క నడుచుకుంటూ నీ దగ్గరికి రావాలి. రాకపోతే, సిమెంటు ఎంత నున్నగా ఉన్నా దాన్ని తొట్టి అంటారు.

మూతలు వేశాక ఎవరూ చూడరు. చూడాలని ఎవరికీ ఉండదు కూడా.

ఇక్కడ చలి. వంటమనిషి మానేశాడు, మేమే వండుకుంటున్నాం. తిన్నవాళ్లందరం బతికే ఉన్నాం.

అక్కని అడిగానని చెప్పు. అమ్మకి మోకాలికి కట్టు కట్టుకోమను.

మావయ్య


మన ఇల్లు, ముందు గది
ఏప్రిల్ 11

మావయ్యా,

మొదలైంది. ఈ మాట రాయడానికి నెలంతా కాచుకున్నాను.

బుధవారం ఇంజనీరు వచ్చాడు. కుర్రాడే, కళ్లజోడు, చేతిలో గొడుగు. మూడు కాళ్ల స్టాండు మీద దూరాలు చూసే అద్దం పెట్టాడు. సందులో పదకొండు ఇళ్లవాళ్లూ బయటికొచ్చి ఆయన చుట్టూ నిలబడితే ఆయనకి ఏమీ కనపడక, దయచేసి తప్పుకోండి అని ఒకటే బతిమాలాడు. అమ్మమ్మ మాత్రం తప్పుకోలేదు. గుమ్మంలో కూర్చుని, మా అబ్బాయికి ఈ పని కళ్లు మూసుకుని వచ్చు నాయనా, నీకు అద్దం కావాల్సి వచ్చింది అంది.

ఇప్పుడు విను. లోతు దేన్నిబట్టి తీస్తారని అడిగాను. పంపుహౌస్ గోడ మీద ఎర్ర గీత ఉంది కదా, ఈ వార్డులో లెవెళ్లన్నీ దాన్నుంచే అన్నాడు. పక్కనున్న పంపుమనిషి వెంటనే, ఆ గీత గీసింది ఈ అమ్మాయి మావయ్యే, పదేళ్లయింది, చెక్కు చెదరలేదు అన్నాడు. ఇంజనీరు నా వైపు తిరిగి, మంచి గీత అన్నాడు. మావయ్యా, నాకు ఆ క్షణాన ఎలా ఉందో చెప్పడానికి మాట వెతుకుతున్నాను. దొరికాక రాస్తాను.

ఈ నెల పత్రంలో రాశాను: "పదేళ్ల కిందట గోడ మీద గీసిన ఒక ఎర్ర గీత ఇవాళ పదకొండు ఇళ్ల నీళ్లకి దారి చూపబోతోంది." సూపర్‌వైజరు కొట్టేస్తాడనుకున్నాను. కొట్టేయలేదు.

అమ్మకి చదివి వినిపించాను. అమ్మ కుట్టుకుంటున్న పుస్తకం మీదనుంచి తల ఎత్తలేదు. ఊఁ అంది. మీ ఇద్దరూ ఒక తల్లి పిల్లలే.

నీ మేనకోడలు


రేకుల షెడ్డు
ఏప్రిల్ 24

పంతులమ్మకి,

ఏ గీత? పంపుహౌస్ తలుపు పక్కన ఉన్నదేనా? గోడకి కొత్తగా పూత పూశాక గీసినది?

పాత వంతెన కింద మెట్టురాయి మీద చెక్కిన గుర్తు ఒకటుంది. పెద్ద కాలువ కట్టినప్పుడు చెక్కింది. తవ్వకం ఇంకా లోతుకి పోకముందే ఆ గుర్తుతో ఒకసారి సరిచూసుకోమని ఇంజనీరుకి చెప్పు. ఊరికే, మంచిది కదా అని. నేను చెప్పమన్నానని చెప్పకు.

పని ఎక్కువగా ఉంది. తర్వాత రాస్తాను.

మావయ్య


మన ఇల్లు, ముందు గది
మే 16

మావయ్యా,

అయిపోయింది! కాలువ మీద మూతలు కూడా వేశారు. అంచులు ఎంత సూటిగా ఉన్నాయంటే, అమ్మ కత్తిరించిన అట్టల్లా ఉన్నాయి. పక్కింటివాళ్లు వాటి మీద మడత కుర్చీలు వేసుకుని కూర్చుంటున్నారు. అమ్మమ్మ కర్ర పట్టుకుని ఒక మూత మీదనుంచి ఇంకో మూత మీదికి నడిచి, సందు చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చింది. రెండేళ్ల తర్వాత. వచ్చి, ఇంతేనా మన సందు, నేను చాలా పొడుగనుకున్నానే అంది.

ఈ నెల లిస్టులో మిగతా పనులన్నీ సూపర్‌వైజరు చెప్పినవే రాశాను. మన కాలువ గురించి మాత్రం నా కళ్లతో చూసి రాశాను. "పూర్తయింది" అన్నాను. ఇంకేమీ కలపలేదు. కొన్ని మాటలకి నగలు అక్కర్లేదు.

వంతెన గుర్తు సంగతి ఇంజనీరు దొరక్క సూపర్‌వైజరుకి చెప్పాను. ఎవరు చెప్పారని అడిగితే నోరు జారి నీ పేరే చెప్పేశాను, ఏమనుకోకు. ఆయన, మీ మావయ్యకి తన చేతి మీదే నమ్మకం లేదా అని నవ్వాడు. నేనూ నవ్వాను. నీ వినయం నాకు తెలీదా?

ఇంకో సంతోషం. వార్డు ఆఫీసు ఫిర్యాదుల రిజిస్టరు చిరిగిపోతే కొత్తది కట్టే పని అమ్మకే ఇచ్చారు. నేనే అడిగి ఇప్పించాను. అమ్మ నల్ల బట్ట వేసి, మూలలకి తోలు పెట్టి కట్టింది. అంత మంచి పుస్తకంలో ఫిర్యాదులు రాయాలంటే ఎవరికైనా మనసొప్పదు.

లైబ్రరీ మేడమ్ మూడు కట్టల పుస్తకాలు పంపింది. పత్రం చదివిందట.

నీ మేనకోడలు


రేకుల షెడ్డు
మే 30

పంతులమ్మకి,

అన్నీ రాశావు. నీళ్లు వదిలి చూశారా లేదా అన్నది రాయలేదు.

మావయ్య


మన ఇల్లు
జూన్ 21

మావయ్యా,

జవాబు ఆలస్యమైంది, పరీక్షలు. బాగానే రాశాను.

ఇక్కడ అందరం బాగున్నాం. వానలు కొంచెం ముందే వచ్చాయి. అమ్మ ముందు గది గుమ్మానికి అడ్డంగా నాలుగు వరసల ఇటుకలు పెట్టించింది, వీధిలో దుమ్ము లోపలికి రాకుండా. అమ్మమ్మ ఇప్పుడు ఎక్కువగా లోపలే కూర్చుంటోంది.

నువ్వు ఆరోగ్యం చూసుకో. వంటమనిషి దొరికాడా?

నీ మేనకోడలు


రేకుల షెడ్డు
జూలై 3

అమ్మలూ,

దుమ్ము కోసం ఎవరూ నాలుగు వరసల ఇటుకలు పెట్టరు. నేను మేస్త్రీల మధ్య పెరిగినవాణ్ని.

నిజం రాయి. ఎంత ఉంటే అంత.

మావయ్య


మన ఇల్లు, వెనక గది
జూలై 12

మావయ్యా,

నిజం రాస్తున్నాను.

నువ్వు చెప్పిన రెండు డ్రమ్ముల సంగతి నాకు గుర్తుంది. మూతలు వేసే రోజు సూపర్‌వైజరుని అడిగాను కూడా. నీళ్లు వదిలి చూశారా అంటే, వానొస్తే అదే చూస్తుందిలేమ్మా అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. మాట బాగుందని నవ్వి ఇంటికొచ్చి "పూర్తయింది" అని రాశాను. ఆ సంగతి నీకు రాయకుండా దాచాను.

జూన్ 12న మధ్యాహ్నం వాన పడింది. గంటన్నర. నేను గుమ్మంలో నిలబడి కాలువ ఎలా పారుతుందో చూడాలని ఎదురుచూస్తున్నాను, పుస్తకం, పెన్ను పట్టుకుని. మూతల కన్నాల్లోంచి నీళ్లు కిందికి దిగాల్సింది పోయి పైకి ఎగదన్నాయి. అంత నల్లటి నీళ్లు మన సందువి కావు. పెద్ద కాలువవి. నువ్వు కాగితం ముక్క చూడమన్నావు కదా, చూశాను. ఎవరిదో పుస్తకంలోంచి ఊడిన మూడో పేజీ. అది పెద్ద కాలువ వైపు నుంచి నడుచుకుంటూ మన గుమ్మం దాకా వచ్చింది.

మోకాళ్ల దాకా వచ్చాయి. అమ్మా నేనూ పుస్తకాలు ఎత్తి మంచం మీద పెట్టాం. మంచం మీద అమ్మమ్మ ఉంది. నన్ను దించి వాటిని పెట్టండే అంది. దించితే ఎక్కడ పెట్టాలి? ముప్పై నాలుగు పుస్తకాలు తడిసిపోయాయి. తర్వాత రెండు వానలకి కూడా అంతే. ఇటుకలు పెట్టించాక మోకాళ్ల దాకా రావడం లేదు, కానీ గోడ కిందినుంచి ఊరుతున్నాయి. నీళ్లు పోయాక వచ్చే వాసన కాగితానికి పట్టేస్తుంది, ఎండబెట్టినా పోదు.

లైబ్రరీ మేడమ్ వచ్చి తడిసినవీ తడవనివీ అన్నీ తీసుకెళ్లింది. వెళ్లేటప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుంది. తిడితే బాగుండేది.

ఫిర్యాదు రాయడానికి వార్డు ఆఫీసుకెళ్లాను. అమ్మ కట్టిన నల్ల రిజిస్టరే బల్ల మీద ఉంది. గుమాస్తా దాన్ని తెరవలేదు. పనుల పత్రాల ఫైలు తెరిచి మే నెలది తీసి, నా వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు. పత్రంలో పూర్తయిందని వచ్చిన పని మీద ఏడాది దాకా ఫిర్యాదు తీసుకోరట. పని మూసేసినట్టే లెక్క. ఇది రాసింది నేనే అన్నాను. రాసినవాళ్లకి తెలియాలి కదమ్మా అన్నాడు. ఆయన మంచివాడే, టీ తెప్పించబోయాడు.

సూపర్‌వైజరు దగ్గరికెళితే ఆయన మే నెల లిస్టు తీసి ముందు పెట్టాడు. మన సందు కాలువ పక్కన "సాగుతోంది" అని ఉంది మావయ్యా. ఆయన సాగుతోందని ఇస్తే నేనే కళ్లతో చూశానని మార్చాను. "నేనిచ్చింది ఇచ్చినట్టు రాసుంటే ఈ పాటికి మళ్లీ తవ్వించేవాణ్ని కదా," అన్నాడు. తవ్వించేవాడో లేదో నాకు తెలీదు. కానీ తవ్వించలేనని ఇప్పుడు ఆయన చెప్పుకోవడానికి నేనే ఒక మాట అందించాను.

వచ్చే నెల పత్రంలో, మే నెలలో రాసింది తప్పు అని వేద్దామన్నాను. దానికి మన దగ్గర మాట లేదమ్మా అన్నాడు. మూడే కదా.

అమ్మమ్మ ఇటుకలు దాటలేదు. కాలు అంత ఎత్తు లేవదు. నెల రోజులుగా ఆమె గుమ్మంలో కూర్చోలేదు. కర్ర ఆ ఇటుకలకే ఆనించి ఉంది. అవి పెట్టించింది మేమే.

ఈ ఉత్తరంలో మాటలు మార్చి చూసుకోలేదు. ఎలా వస్తే అలా రాశాను.

నీ మేనకోడలు


రేకుల షెడ్డు
జూలై 25

అమ్మలూ,

ఇప్పటికి నాలుగు కాగితాలు చించాను. ఇది ఐదోది. నీకు పంపే ఉత్తరంలో తప్పులుంటే దిద్దుకో.

నీళ్లు వెనక్కి రావడానికి కారణం నీ మాట కాదు. నువ్వు రాసింది పైన వేసిన మూత. కింద ఉన్న తప్పు నాది.

పదేళ్ల కిందట పంపుహౌస్ గోడకి కొత్తగా పూత పూశారు. పాత గీత పూత కింద పడిపోయింది. మర్నాడు పొద్దున్నే పెద్ద ఇంజనీరు తనిఖీకి వస్తాడు, ఆలోపు గీత కొట్టు అని కాంట్రాక్టరు నాకు చెప్పాడు. వంతెన కింద గుర్తు నుంచి లెవెల్ పైపు పట్టి మజిలీ మజిలీగా తీసుకురావాలి. ఆ పైపు నీకు తెలుసు, నీళ్లు నింపిన తెల్ల గొట్టం. నువ్వు చిన్నప్పుడు దాంట్లో బుడగల్ని చూసి నవ్వేదానివి. దానికి ఇద్దరు కావాలి. ఒక చివర ఒకరు, రెండో చివర ఒకరు. నీళ్లు రెండు చివర్లా ఒకే ఎత్తున నిలబడతాయి, అబద్ధమాడవు. ఆ రోజు రెండో చివర పట్టుకునే మనిషి దొరకలేదు. వంతెన వైపు చూసి, గోడ వైపు చూసి, కంటితో అంచనా వేసి గీసేశాను. గీత సూటిగా వచ్చింది. పెద్ద ఇంజనీరు మెచ్చుకున్నాడు.

రేపు సరిచేద్దాం అనుకున్నాను. ఆ రేపటికి వేరే పని మీద పంపించారు. ఆ తర్వాత ఎవరూ ఆ గీత నుంచి ఏమీ తీయలేదు. రోడ్లన్నీ పాత రోడ్ల మీదే పోశారు కదా. అందుకని మర్చిపోయినట్టు ఉండగలిగాను. నువ్వు ఏప్రిల్లో రాసిన ఉత్తరం చదివాక అది కుదరలేదు.

నా లెక్క ప్రకారం గీత జానెడు కిందికి పడి ఉండాలి. అందుకని కాలువ జానెడు ఎక్కువ లోతుకి పోయింది. పెద్ద కాలువ కంటే మన కాలువ కిందికి ఉంటే నీళ్లు ఎటు పోతాయి? పల్లంలోకే. మీ ఇంట్లోకి.

ఏప్రిల్లోనే నిజం రాయాల్సింది. నేను చెప్పానని చెప్పకు అని రాశాను.

ఇంజనీరుకి ఇందులో ఇంకో ఉత్తరం పెట్టాను, ఇవ్వు. తప్పు నాదని ఒప్పుకుంటూ సంతకం చేశాను.

రావాలనే ఉంది. సెలవు అడిగితే ఇస్తారు. కానీ మీ గుమ్మంలో ఇటుకలు చూసి లోపలికి ఎలా దాటాలో తెలీడం లేదు. నేను కట్టిన ఇల్లు అది.

మావయ్య


మన ఇల్లు, ముందు గది
ఆగస్టు 8, శనివారం

మావయ్యా,

ఇంజనీరుకి నీ ఉత్తరం ఇచ్చాను. నిలబడే చదివాడు. కూర్చుని ఇంకోసారి చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మీ మావయ్య ధైర్యవంతుడు అన్నాడు. తర్వాత దాన్ని మడిచి నాకే తిరిగి ఇచ్చేశాడు. "ఇది నేను తీసుకుంటే ఈ ఏడు ఆ గీత నుంచి తీసిన నాలుగు సందుల కాలువలూ మళ్లీ తవ్వాలమ్మా. తీసుకోకపోతే మీ సందు ఒక్కటే మునుగుతుంది." నిజమే చెప్పాడు. మిగతా మూడు సందులు ఎత్తులో ఉన్నాయి, వాటికి ఇప్పట్లో తెలీదు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయనా నాలాగే, పూర్తయిందని రాసేసినవాడు.

పత్రం రాసే పని మానేశాను. ఆగస్టు పత్రం వచ్చింది. పనులు పురోగతిలో ఉన్నవి.

అమ్మ ఈ ఇల్లు వదిలేయడానికి నిర్ణయించుకుంది. కాలేజీ వెనక వీధిలో మేడ మీద ఒక గది దొరికింది. ఒకటే గది. పుస్తకాలు బిగించే ఇనప ప్రెస్సు మెట్ల మీదనుంచి పైకి పోదు, అందుకని అది ఇక్కడే ఉండిపోతుంది. ప్రెస్సు లేకుండా ఏం కడతావు అంటే, నోటు పుస్తకాలు కుట్టుకుంటాలే అంది. ఈ ఇల్లు కొంటామని ఇద్దరు వచ్చారు. మోకాలి ఎత్తున గోడకి పట్టిన నల్ల చారని చూసి, ఫోను చేస్తామని వెళ్లారు.

నీ ఉత్తరం అమ్మకి చూపించకూడదనుకున్నాను. చూపించాను. ఇక ఏదీ దాచే ఓపిక లేదు. మీ ఇద్దరి మధ్య మాటలు పోతాయేమో అని భయపడ్డాను, అమ్మకి కోపం వస్తే ఎలా ఉంటుందో నీకు తెలుసు. అమ్మ చదివింది. మడిచింది. మళ్లీ విప్పి, ఒక్క చోటే చదివింది. జిగురు గిన్నె దగ్గరికి లాక్కుని గీకింది. తర్వాత అంది:

"మనిషి దొరకలేదని రాశాడా? ఆ మనిషిని నేనే."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఆ రోజు నువ్వు పైపు చుట్ట భుజాన వేసుకుని ఇంటికి వచ్చావట. అక్కా, ఒక్క గంట రా, రెండో చివర పట్టుకో అన్నావట. అమ్మ అప్పుడే జిగురు రాసి అట్టలు పరిచింది, ఆరిపోతే పాడవుతాయని లేవలేదు. "నీకు పైపెందుకురా, కంటితో చూసి గీసెయ్, నీ కన్ను చాలదా అన్నాను," అంది. పొగిడినట్టే అన్నానే అంది. నువ్వు నవ్వి వెళ్లిపోయావట. నేను ఏప్రిల్లో పత్రం చదివి వినిపించినప్పుడు అమ్మ తల ఎత్తకపోవడం నీలాంటి మౌనమే అనుకున్నాను. ఆ రోజు నుంచీ అమ్మకి తెలుసు మావయ్యా, తెలిసి మూడు కట్టల పుస్తకాలు తీసుకుంది. అంతా సరిగ్గానే ఉంటుందేమో అనుకున్నానే అంది.

నువ్వు ఆమెని కాపాడాలని మనిషి దొరకలేదని రాశావు. ఆమె నిన్ను కాపాడాలని నోరు మెదపలేదు. నేను నిన్ను బాధపెట్టకూడదని దుమ్ము అని రాశాను. ముగ్గురం ఒకరినొకరం ఎంత బాగా చూసుకున్నామో, నీళ్లు అంత చక్కగా లోపలికి వచ్చాయి.

అమ్మమ్మకి ఇవేవీ చెప్పలేదు. నిన్న అడిగింది, కొత్త గదికి గుమ్మం ఉందా అని. ఉంది అన్నాను. గుమ్మంలోంచి వీధి కనపడుతుందా అంది. మేడ మెట్లు కనపడతాయి అన్నాను. ఆ మెట్లు ఒకసారి ఎక్కించాక ఆమెని మళ్లీ కిందికి దించడం కుదరదని అందరికీ తెలుసు. ఆమెకీ తెలుసు. మెట్లు చూసుకుంటాలే అంది.

నీ పాత సామాను పెట్టె అటక మీదనుంచి దించాం. లెవెల్ పైపు అందులోనే ఉంది, పచ్చబడిపోయింది కానీ ఎక్కడా కారడం లేదు. నీళ్లు నింపి బుడగలు పోయేదాకా తట్టాను. ఈసారి నవ్వు రాలేదు. చివర్లు రెండూ పక్కపక్కన పట్టుకుంటే నీళ్లు ఒకే ఎత్తున నిలబడ్డాయి. నువ్వు చెప్పినట్టే.

సామాను బండతను రేపు ఎనిమిదింటికి వస్తానన్నాడు. అమ్మమ్మని ఇటుకల మీదుగా ఎత్తి దాటించడానికి పక్కింటాయన, పంపుమనిషి వస్తామన్నారు. అంతకుముందు పొద్దున్న ఆరింటికే నేనూ అమ్మా వంతెన దగ్గరికి వెళతాం. రాతి గుర్తు నుంచి పంపుహౌస్ గోడ దాకా పైపు పట్టుకుని వస్తాం. దీనివల్ల మన ఇంటికి ఏమీ ఒరగదు, నాకు తెలుసు. ఇంకో సందు వాళ్లు ఎప్పుడైనా ఆ గోడ దగ్గరికి వచ్చి కొలుచుకుంటారు, అంతే.

పంపుమనిషి ఎర్ర రంగు డబ్బా ఇచ్చాడు. పాత గీత గీకడానికి అమ్మ అట్టలు కోసే కత్తి తీసి పెట్టింది. కొత్త గీత పక్కన ఏం రాయాలా అని నిన్నంతా ఆలోచించాను. తేదీ, కారణం, ఒక మంచి వాక్యం, చాలా వచ్చాయి. ఏమీ రాయను. గీత చాలు.

నీ గీత ఎన్ని వేళ్లు కిందికి పడిందో కొలిచి రేపే రాస్తాను. ఒక చివర నేను పట్టుకుంటాను. రెండో చివర అమ్మ పట్టుకుంటానంది. జిగురు ఈ రాత్రికి కలపలేదు.

నీ మేనకోడలు